శనికి చందమామలెన్ని

పరీక్ష జవాబుల కీ వచ్చిన సంగతి మాస్టారికి క్లాసులోనే తెలిసింది. వెనక బెంచీవాడు ఫోను చూసి పక్కవాడి చెవిలో ఊదాడు. పక్కవాడు ముందువాడి వీపు గీకాడు. చూస్తుండగానే గదంతా గుసగుసలైంది. మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఆ ఫోను ఇలా తెమ్మన్నాడు.

నీటి పరీక్షల ల్యాబులో సహాయకుల పోస్టులు రెండే రెండు. ఆ రెండింటికి ఊళ్ళో బడులన్నీ చాలనంత మంది పరీక్ష రాశారు. మాస్టారి అక్క కూతురు కూడా రాసింది. ఆమె ఆయన ఇంట్లోనే ఉంటుంది, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తుంది. పోయినసారి ముక్కాలు మార్కులో ఉద్యోగం పోయింది. ఈసారి పోతే ఇక వయసు దాటిపోతుంది.

మాస్టారు బొటనవేలితో ఒక్కో ప్రశ్నా పైకి తోస్తూ చదివాడు. పేరు మార్చుకున్న దేశం ఏది, సరే. సైనిక కూటమిలో దేశాలు ముప్పై రెండు, సరే. తెలిసినవాటిలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్యలో అంకెలు నాలుగు కోట్ల పైచిలుకు, అదీ సరే. నేల మీద ఎంత పరిచినా నమూనా తిరిగి రాని ఒంటి బిళ్ళకు వైపులు పదమూడు, సరే. శనిగ్రహానికి ఇప్పటివరకు గుర్తించిన చందమామలు, నూట నలభై ఆరు.

"తప్పు," అన్నాడు మాస్టారు.

"ఏది సార్?"

"శని. రెండు వందల డెబ్భై నాలుగు. ఖగోళ సంఘంవాళ్ళు ఒక్కసారే నూట ఇరవై ఎనిమిది కొత్తవి ఒప్పుకున్నారు. ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది."

"గైడులో నూట నలభై ఆరే ఉంది కదా సార్," అన్నాడు ముందు బెంచీవాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ గైడే సార్," అన్నాడు.

అది నిజమే. వర్తమాన విషయాల మీద ఏటా ఒక గైడు రాస్తాడాయన. పరీక్ష రాసే ప్రతివాడి చంకలోనూ అదే ఉంటుంది. ఎప్పుడూ కొత్త సంగతులే చెబుతాడని ఊళ్ళో ఆయన్ని తాజా మాస్టారు అంటారు. ఈ ఏడాది గైడు ప్రెస్సు నుంచి వచ్చాక, పాత బ్యాచి వెళ్ళిపోయాక, పరీక్ష కాస్త దూరంలో ఉండగా శని చుట్టూ కొత్త చందమామలు తేలాయి. మేనకోడలికి మాత్రం ఇంట్లో చెప్పాడు. ఆమె టిఫిను డబ్బా మూత నొక్కుతుంటే వెనక నిలబడి, "పుస్తకం సంగతి మర్చిపో. నిజం పెట్టు," అన్నాడు. పరీక్ష రోజు బస్సు దిగేవరకూ అడుగుతూనే ఉన్నాడు. రెండు వందల డెబ్భై నాలుగు, రెండు వందల డెబ్భై నాలుగు అని ఆమె విసుక్కుంటూ అప్పజెప్పింది.

ఆయన ఫోను తిరిగిచ్చేశాడు. పాఠం ఎక్కడ ఆగిందో గుర్తురాలేదు.

*

సాయంత్రం ఆమె వచ్చేసరికి మాస్టారు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆవిరి తగిలి ఆమె వేళ్ళు ఉబ్బి తెల్లగా ఉన్నాయి. చెప్పులు విప్పకముందే అందుకున్నాడు.

"కీ చూశావా?"

"చూశా."

"శని?"

"చూశానన్నాగా మామయ్యా."

"వెధవలు! కీ తయారుచేసేవాడు పేపరు కూడా చదవడా? అభ్యంతరాలకు మూడు రోజులు గడువిచ్చారు. నీ హాల్ టికెట్టు ఇలా ఇవ్వు. పొద్దున్నే వెళ్ళి వాళ్ళ భరతం పడతా."

ఆమె చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"వదిలెయ్ మామయ్యా. మిగతావి బాగానే రాశా."

"బాగా రాస్తే చాలదే. పోయినసారి ఎంతలో పోయింది? ముక్కాలు! ఇది నిండు మార్కు."

"వాళ్ళు ఎవరి మాటా వినరు. ఎప్పుడన్నా విన్నారా?"

"వినిపిస్తా. హాల్ టికెట్టు."

"లాండ్రీలో ఉండిపోయింది. బీరువాలో."

"హాల్ టికెట్టుకు లాండ్రీలో ఏం పని? దాన్నీ ఉతుకుతారా?"

ఆమె నవ్వలేదు. కూర గిన్నె పొయ్యి మీద పెట్టి, మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. "రేపు తెస్తాలే," అంది గోడ వైపు తిరిగి.

*

పరీక్షల బోర్డు ఆఫీసులో అభ్యంతరాల కౌంటరు మెట్ల కింద ఉంది. నిటారుగా నిలబడితే తల తగులుతుంది. కౌంటరు ఆవిడ ఇనుప జాలీ వెనక కూర్చుని, వచ్చినవాళ్ళ కాగితాలు ఒక్క చూపు చూసి వెనక్కి తోస్తోంది.

మాస్టారి ముందు ఒకడు వంగి నిలబడి ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి. గోళ్ళ సందుల్లో తెల్లసిమెంటు. జాలీలోంచి ఒక పేపరు ముక్క లోపలికి పెడుతున్నాడు, ఆవిడ బయటికి తోస్తోంది.

"పేపరు చెల్లదని చెప్పానా లేదా? అచ్చు పుస్తకం పేజీ కావాలి."

"ఇదీ అచ్చేగా మేడం."

"పుస్తకం. అట్ట ఉండాలి. పేజీ నంబరు ఉండాలి. ఇలా సిమెంటు మరకలు ఉండకూడదు."

మాస్టారు వాడి భుజం మీంచి తొంగి చూశాడు. శని బొమ్మ. రెండు వందల డెబ్భై నాలుగు.

"నువ్వూ ఇదే పెట్టావా?"

వాడు తిరిగి చూసి, గుర్తుపట్టి, చేతులు జోడించబోతూ తల మెట్టుకు కొట్టుకున్నాడు. "తాజా మాస్టారు కదూ! ఇదే పెట్టానండీ. మీ గైడు చదవలేదు, అదే కొంప ముంచింది. అది చదివుంటే నేనూ నూట నలభై ఆరే పెట్టేవాణ్ణి, మార్కు వచ్చుండేది."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వాడు మాత్రం మామూలుగానే అన్నాడు. టైల్స్ వేసే మేస్త్రీ. మోకాళ్ళు అరిగిపోయాయని, కూర్చుని చేసే పని దొరికితే చాలని చెప్పాడు.

"చందమామల సంగతి నీకెలా తెలిసింది?"

"పేపరు పరిచి దాని మీద సిమెంటు కలుపుతామండీ. రోజంతా మోకాళ్ళ మీదే. కళ్ళకెదురుగా అదే ఉంటే చదవక చస్తామా? ఆ పదమూడు వైపుల బిళ్ళా అలాగే తెలిసింది. ఎంత పరిచినా నమూనా తిరిగి రాదంట. ఆ బిళ్ళ ఏ ఇంటాయన కంట్లోనన్నా పడిందా, మా పని ఐపోయినట్టే."

మాస్టారు వాణ్ణి పక్కకు జరిపి జాలీకి మొహం ఆనించాడు.

"అమ్మా, నూట నలభై ఆరు ఏ పుస్తకం చూసి పెట్టారు?"

ఆవిడ సొరుగులోంచి గైడు తీసి చూపించింది. వాడగా వాడగా అట్ట నలిగింది.

"అది రాసింది నేనే."

"సంతోషమండీ."

"అది తప్పంటున్నాను. రాసినవాణ్ణి నేను చెబుతున్నాను."

"మీరు నోటితో అంటున్నారు. పుస్తకం అచ్చులో అంటోంది." ఆవిడ నిజంగానే అర్థం కానట్టు చూసింది. "రాసినవాళ్ళే పుస్తకాన్ని కాదంటే ఇక మేం దేన్ని నమ్మాలండీ?"

"నన్ను నమ్మండి!"

"మీకు అట్ట లేదుగా," అంది ఆవిడ.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ కూడా నవ్వాడు. మాస్టారు నవ్వలేదు.

*

ప్రెస్సు ఆయన మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆపడు. కాగితాల కట్టను బల్లకేసి తడుతూ అంచులు కలుపుతుంటాడు. మాస్టారు చెప్పిందంతా తడుతూనే విన్నాడు.

"అప్పుడే చెప్పాను, ఒక చీటీ అంటించమని," అన్నాడు మాస్టారు. "చిన్న చీటీ."

"చీటీ అంటిస్తే పుస్తకమంతా తప్పుల తడక అనుకుంటారు మాస్టారూ. మీరు ఏటా ఇంతే. ఆ దేశం పేరు మారింది మార్చు అన్నారు, మార్చాను. కూటమిలో ఇంకోడు చేరాడు మార్చు అన్నారు, మార్చాను. ఆకాశంలో ఏవో గుండ్లు తేలితే దానికీ నేనే బాధ్యుణ్ణా?"

"నా పేరుతో అబద్ధం తిరుగుతోందయ్యా."

"అబద్ధమెలా అవుతుంది? రాసినప్పుడు నిజమేగా." తట్టడం ఆపాడు. గొంతు తగ్గించాడు. "అంతగా కావాలంటే ఒక దారుంది. ఆ పేజీ మార్చి కాసిని కాపీలు కొడతాను. లోపల తేదీ పరీక్షకు ముందుది వేద్దాం. రెండో కూర్పు. అట్ట ఉంటుంది, పేజీ నంబరు ఉంటుంది. వాళ్ళకు కావలసింది అదేగా?"

మాస్టారు లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. తీయలేదు.

"నిజం కోసం దొంగ తేదీ వెయ్యమంటావా?"

"నేను పని సులువు చేద్దామనుకున్నా," అన్నాడు ప్రెస్సు ఆయన. మళ్ళీ కట్ట తట్టడం మొదలుపెట్టాడు. "మీకు సులువు పడదు. మీ జాతకమే అంత."

ఆ సాయంత్రం మేనకోడలు హాల్ టికెట్టు తేలేదు. బీరువా తాళం సూపర్వైజరు పట్టుకుపోయిందట. మాస్టారు సూపర్వైజర్ని తిట్టాడు, ప్రెస్సువాణ్ణి తిట్టాడు, బోర్డును దాని మెట్లతో సహా తిట్టాడు. ఆమె వింటూ అన్నం కలుపుతూ కూర్చుంది.

"తిను మామయ్యా. ఇంక వదిలెయ్."

"వదిలెయ్ వదిలెయ్ అనకే! నీ కోసం కాదూ తిరుగుతున్నది?"

ఆమె ఏదో అనబోయింది. ఆయన తిట్లు అప్పటికే మళ్ళీ కౌంటరు ఆవిడ మీదికి వెళ్ళిపోయాయి.

*

మర్నాడు మేస్త్రీ పని మానుకుని వచ్చాడు. చేతిలో పేపరు ముక్క, ఈసారి ప్లాస్టిక్ సంచిలో. మేనకోడలి హాల్ టికెట్టు నంబరు లేదు కాబట్టి మేస్త్రీ నంబరు మీదే అభ్యంతరం రాద్దామన్నాడు మాస్టారు. ఎవరి పేరున రాస్తేనేం, కీ మారితే అందరికీ మారినట్టే. మెట్ల మీద కూర్చుని ఆయన చెబుతుంటే వాడు రాశాడు. అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా, మధ్యన సమానంగా సందు వదులుతూ రాశాడు.

"మీ మేనకోడలు ఇదే పెట్టిందా మాస్టారూ?"

"దగ్గరుండి అప్పజెప్పించుకున్నా."

"అయితే పోస్టులు రెండు, మనం ఇద్దరం. ఆవిడొకటి, నేనొకటి." వాడు నవ్వాడు. "మిగతా ఊరంతా మీ గైడు చదివింది."

కౌంటరు ఆవిడ కాగితం వెనక్కి తోసింది. మాస్టారు లోపలికి తోశాడు. ఆవిడ మళ్ళీ తోసింది. మాస్టారు జాలీ మీద అరచేత్తో కొట్టాడు. గోడ మీది గడియారం ఊగింది. ఆయన గొంతు మెట్లెక్కి పైకి పోయింది. ఇది పరీక్షల బోర్డా, పాత కాగితాల కొట్టా అన్నాడు. ఆకాశంలో ఉన్నవాటికి మీ అట్టలతో పనేంటన్నాడు. ఏడో తరగతి పిల్లాడు నవ్వుతాడన్నాడు. వెనక వరస చెదిరి గుంపైంది. ఎవడో ఫోనులో వీడియో పట్టడం మొదలుపెట్టాడు.

పై నుంచి బోర్డు కార్యదర్శి దిగి వచ్చాడు. సన్నగా, కడుపునొప్పి ఉన్నవాడిలా ఉన్నాడు. సంగతి నిలబడే విన్నాడు. గైడు తెప్పించి, మాస్టారి మొహమూ వెనక అట్ట మీది ఫొటో మొహమూ పోల్చి చూశాడు. ఫోను పట్టినవాడి వైపు ఒకసారి చూశాడు.

"రాసినాయనే తప్పంటే కాదనడానికి మనమెవరం? రేపెవడన్నా కోర్టుకెక్కితే నా మెడకు చుట్టుకుంటుంది." మాస్టారి వైపు తిరిగాడు. "రేపు పది గంటలకు రండి. నా ఎదురుగా రాసి సంతకం పెట్టండి, ఆ పేజీ పాతబడిందని. కీ మారుస్తాను. రేపటితో గడువు సరి."

"మారుస్తారా?"

"మారుస్తానంటున్నాగా. అరవకండి."

మాస్టారు అరవడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. మేస్త్రీ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి అరచేతులు గరుకుకాగితంలా ఉన్నాయి.

"రేపు నేనూ వస్తా మాస్టారూ. మీరు సంతకం పెడుతుంటే చూడాలి."

*

ఆయన తిన్నగా లాండ్రీకి నడిచాడు. లోపల ఆవిరి. గోడల మీద నీళ్ళు కారుతున్నాయి. మేనకోడలు ఇస్త్రీ రోలరు దగ్గర ఉంది. జతగా పనిచేసే మనిషి రాలేదు, దుప్పట్లు గుట్టపడి ఉన్నాయి. ఆయన్ని చూసి ఆమె కంగారుపడింది.

"ఏమైంది?"

"ముందు ఆ కొస ఇటివ్వు," అన్నాడు మాస్టారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

దుప్పటి రెండు కొసలు ఆయన పట్టుకున్నాడు, రెండు ఆమె పట్టుకుంది. వెనక్కి నడిచి బిగలాగారు. మడిచారు. ఎదురెదురుగా నడిచి వచ్చి, ఆయన కొసలు ఆమె చేతికిచ్చి, వంగి కింది మడత అందుకున్నాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. నడుస్తూనే చెప్పాడు. కార్యదర్శి దిగి వచ్చాడని. రేపు పదింటికి సంతకమని. కీ మారుతుందని.

ఆమె బిగలాగడం ఆపింది. దుప్పటి మధ్యలో వేలాడింది.

"మారుస్తామన్నారా?"

"నోటితో అన్నాడు. అందరి ముందూ."

"మామయ్యా, రేపు వెళ్ళకు."

"ఏమే, మతిపోయిందా?"

ఆమె నడిచి వచ్చింది. కొసలు కలిపింది. ఆయన చేతుల మీద చేతులు పెట్టి, నెమ్మదిగా అంది:

"నేను నూట నలభై ఆరే పెట్టాను."

ఆయన కొసలు వదల్లేదు.

"చెప్పాను కదే. నీకు..."

"చెప్పావు. నువ్వు చెప్పిందే నిజమని తెలుసు. కానీ కీ చేసేవాళ్ళ బల్ల మీద ఉండేది నీ పుస్తకం. నువ్వు కాదు."

"మరి రెండు రోజుల నుంచీ నోరెందుకు మూసుక్కూర్చున్నావు?"

"మూసుకున్నానా? వదిలెయ్, వదిలెయ్ అని ఎన్నిసార్లన్నాను? నువ్వు వినే మనిషివా?" ఆమె ఆయన చేతుల మీంచి చేతులు తీసింది. "అక్కడికెళ్ళి అరుస్తావు, వాళ్ళు పొమ్మంటారు, ఇంటికొచ్చి నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకుంటావు అనుకున్నా. ఎప్పుడూ అంతేగా. నువ్వు గెలుస్తావని నేనెక్కడ అనుకున్నాను?"

రోలరు దగ్గర్నుంచి సూపర్వైజరు కేకేసింది. "కబుర్లు ఇంటికెళ్ళి చెప్పుకోండమ్మా. వార్డుల వాళ్ళు ఎదురుచూస్తున్నారు!"

ఆమె మడత అందుకుని గుట్ట మీద పెట్టింది. ఇంకో దుప్పటి దులిపి రెండు కొసలు ఆయన వైపు చాపింది. ఆయన అందుకున్నాడు.

"నిజం పెట్టమన్నాను," అన్నాడు, వెనక్కి నడుస్తూ.

"నీ నిజం పెడితే ఈ ఆవిరిలోంచి లేస్తానా? నువ్వు సంతకం పెట్టు, నా మార్కు పోతుంది. రేపట్నుంచి ఇక్కడే, పళ్ళూడేదాకా. పెడతావా? పెట్టు."

ఆయన కొసలు కలిపాడు. గుట్ట తగ్గేదాకా ఇద్దరూ దుప్పట్లు మడిచారు.

*

పొద్దుటి క్లాసు మామూలుగా తొమ్మిదిన్నరకు ఐపోతుంది. ఆ రోజు అవలేదు. తొమ్మిదిన్నరకు మాస్టారు నదుల గురించి మొదలుపెట్టాడు. అవి ఈ బ్యాచికి ఎప్పుడో చెప్పేశాడు. ముందు బెంచీవాడు గుర్తుచేశాడు. "అయితే మళ్ళీ విను," అన్నాడు. నదులయ్యాక సరస్సులు. గడియారం ఆయన వెనక గోడకు ఉంది. ఆయన తిరిగి చూడలేదు. పిల్లలు చూస్తూనే ఉన్నారు. పదయింది. పదిన్నరయింది. ఒకడి కడుపు గుర్రుమంది. సరస్సుల తర్వాత ఏముందో ఆయనకే తెలియక, ప్రధాన సంఖ్య మీదికి వెళ్ళాడు. నాలుగు కోట్ల అంకెలు రాయాలంటే ఎన్ని సుద్దముక్కలు అరగాలో లెక్కకట్టమన్నాడు. నవ్వుతారనుకున్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

మేస్త్రీ పదకొండు దాటి ఎండ ముదిరాక వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. లోపలికి రాలేదు.

"మాస్టారూ, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"మీకోసం చూశామండీ. కార్యదర్శిగారు కూడా కాసేపు కిందే కూర్చున్నారు. తర్వాత లేచి వెళ్ళిపోయారు. పన్నెండింటికి జాలీ మూసేస్తారంట. ఇప్పుడు బయల్దేరినా..."

"క్లాసు ఉంది."

మేస్త్రీ క్లాసు వైపు చూశాడు. బోర్డు వైపు చూశాడు. మళ్ళీ మాస్టారి వైపు చూశాడు. వాడి మొహంలో కోపం కోసం మాస్టారు వెతికాడు. ఉంటే తనూ అరవొచ్చు. లేదు. ఒక బిళ్ళ వంకరగా పడితే ఎక్కడ తేడా వచ్చిందా అని చూసే చూపు ఉంది.

"ఆవిడ ఏది పెట్టిందండీ?" అన్నాడు చివరికి.

మాస్టారు డస్టరు తీసుకుని, బోర్డు మీద ఏమీ లేని చోట తుడిచాడు.

"సరే మాస్టారూ," అన్నాడు మేస్త్రీ. తిరిగి మెట్లు దిగాడు. మోకాళ్ళ వల్ల ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి దిగుతున్నాడు. చాలాసేపు వినిపించింది.

ముందు బెంచీవాడు పెన్ను మూత తీశాడు.

"సార్, మరి శనికి మేం ఎన్నని రాసుకోవాలి?"

"గైడులో ఎంతుంది?"

"నూట నలభై ఆరు సార్. మొన్న మీరు తప్పన్నారు."

"పరీక్ష ఎవడు పెడతాడు, నేనా?" అన్నాడు మాస్టారు. సుద్దముక్క తీసుకుని, వెనక బెంచీకి కూడా కనపడేలా, నూట నలభై ఆరు అని పెద్దగా రాశాడు.

అందరూ రాసుకున్నారు.